వాల్వు మీద ఉమ్మి

2074లో విజయనగరం కంచరి వీధిలో పొద్దున్న ఆరున్నరకి నాలుగు వందల పన్నెండు ఇళ్ళలో సైకిళ్ళు తొక్కేవారు. ఒక్క సైకిలూ గడప దాటేది కాదు.

ఆ సైకిళ్ళకి చక్రాలు లేవు. హ్యాండిలు, సీటు, పెడళ్ళు, ఎదురుగా గోడ. తొక్కడం మొదలెడితే గోడ మీద భీమిలి రోడ్డు కదిలేది. ఫ్యాను ముఖాన గాలి కొట్టేది. ఎత్తు వస్తే పెడలు బరువెక్కేది. అరగంట అయ్యాక గోడ శభాష్ అనేది. దిగి చూసుకుంటే గది అదే, మంచం అదే.

మజ్జి పైడన్న మాత్రం తన ఇంట్లో దాని మీద తువ్వాలు ఆరేసుకునేవాడు. వయసు డెబ్బై రెండు. పన్నెండో ఏట పానా పట్టాడు, ఇంకా దించలేదు. ముందు గదే సైకిలు షాపు. ఎల్లని బండికి సైకిలని పేరెట్టడం ఏటని మొదటి రోజు ఒక్క మాట అన్నాడు. మళ్ళీ దాని సంగతి ఎత్తలేదు.

బూడిద జ్వరం వచ్చి రెండు వందల పదకొండు రోజులైంది. ముఖం బూడిద రంగుకి తిరిగి మూడో రోజుకి మనిషి పోయేవాడు. జనాన్ని ఇళ్ళలో ఉంచడం పోలీసుల వల్ల కాలేదు. గాలికట్టు వల్ల అయింది.

గాలికట్టు అంటే తలుపు చట్రం చుట్టూ అమర్చిన రబ్బరు ట్యూబు. లారీ ట్యూబు లాంటిదే, సన్నం. వీధి మొదలయ్యే మొగలో గాలికాపరి అనే స్తంభం ఉంటుంది. దాని సెన్సర్లు గాలిని వాసన చూస్తుంటాయి. జ్వరం పురుగు తగిలిందంటే వీధిలోని ట్యూబులన్నిటికీ ఒక్కసారే గాలి ఎక్కుతుంది. ట్యూబు ఉబ్బి తలుపుని బిగించేస్తుంది. పదిమంది తోసినా రాదు. తలుపు పైన ఎర్రదీపం వెలుగుతుంది. తిండి గోడకున్న కంతలోంచి వస్తుంది. దీన్ని కనిపెట్టింది డాక్టర్ హైమవతి, ఈ ఊరి మనిషే. మొదటి నెలలో అది వేల ప్రాణాలు నిలిపింది. ఆ మాట పైడన్నా కాదనడు.

రోజూ ఆరింటికి గాలికాపరి ప్రతి ఇంట్లోనూ మాట్లాడేది. చేతులు కడుక్కోవడం దగ్గర మొదలెట్టి నాలుగు నిమిషాలు చెప్పి, చివర ఏదో అడిగేది. జవాబుకి గోడ మీద మూడు మీటలు. మధ్య మీట నొక్కితే వెంటనే నోరు మూసుకుంటుందని వారం రోజుల్లోనే అందరికీ తెలిసిపోయింది. పైడన్న కూడా పళ్ళు తోముకుంటూ అదే నొక్కేవాడు.

అతనికి ఉన్న చింతల్లా చెల్లెలు సూరమ్మ.

ఆమె ఊరికి ఆ కొసన కొత్తపేటలో ఒక్కతే ఉంటుంది. చూపు పోయి ఇరవై ఏళ్ళు. మిగతావాళ్ళు గోడల మీద చుట్టాల ముఖాలైనా చూసుకుంటున్నారు. ఆమెకి అదీ లేదు. జ్వరం రాకముందు పైడన్న రోజూ సాయంత్రం సైకిలు మీద వెళ్ళేవాడు. మలుపు తిరగ్గానే బెల్లు రెండుసార్లు కొట్టేవాడు. అది విని ఆమె టీకి నీళ్ళు పడేసేది. ఇప్పుడు మిగిలింది ఫోను.

ఆ ఫోనులో రెండు నెలల పైనుంచి ఆమె మాట తేడాగా ఉంది. అరుగు మీద కూర్చున్నానంటుంది. ఎండ పాదాల మీదికి వచ్చిందంటుంది. ఎదురింటి వేపచెట్టు పూసింది, వాసనొస్తోందంటుంది. గాలికట్టు బిగిసిన ఇంట్లోంచి మనిషి అరుగు మీదికి ఎలా వస్తుంది? పైడన్న మొదట నవ్వాడు. తరవాత కసిరాడు. తరవాత భయపడ్డాడు. ఆ మాటలు ఆరోగ్యశాఖ డాక్టరు చెవినా పడ్డాయి. మతి తప్పింది, శుక్రవారం బండి వచ్చి మరుపు వార్డుకి తీసుకెళ్తుందని బుధవారం కబురు పెట్టాడు. ఆ వార్డుకి వెళ్ళినవాళ్ళు తిరిగి ఇల్లు చేరినట్టు పైడన్న వినలేదు.

"దానికి మతి పోనేదు బాబూ. బెల్లు ఇనపడక అలాగుంది" అన్నాడు పైడన్న.

డాక్టరు ఆ మాట రాసుకోలేదు.

గురువారం పొద్దున్న పైడన్న దూలానికి వేలాడుతున్న తన పాత ఇనప సైకిలు దించాడు. చెయినుకి నూనె వేశాడు. రెండు చక్రాలకీ గాలి కొట్టాడు. మూతికి మాస్కు కట్టుకున్నాడు. చెల్లెల్ని ముట్టుకోనక్కర్లేదు. రోడ్డు మీదే నిలబడి బెల్లు కొడతాడు, ఆమె గుర్తుపట్టి మాట్లాడుతుంది, ఆ మాటలు డాక్టరుకి వినిపిస్తాడు. శిక్ష ఏదన్నా ఉంటే తన మీద పడనీ.

ఇక తలుపు. చట్రం కింద మూల గాలికట్టు వాల్వు ఉంది. దాన్ని విప్పితే ట్యూబులో గాలి పోతుంది. ఇన్నాళ్ళూ అది తెలిసీ ముట్టుకోలేదు. నలుగురి ప్రాణాల కోసం కొట్టిన గాలి అది.

ఏ వాల్వు విప్పే ముందైనా సైకిలు పనివాడు చేసే పని ఒకటుంది. వేలితో కాస్త ఉమ్మి తీసి వాల్వు మూతి మీద పెడతాడు. లోపల గాలుంటే బుడగ లేస్తుంది. పైడన్న మాస్కు దించి అలవాటుగా అలాగే పెట్టాడు. పెట్టాక, ఈ రోజుల్లో ఉమ్మి బయట పెడితే జైలని గుర్తొచ్చింది. చూస్తూ కూర్చున్నాడు. బుడగ లేవలేదు. వాల్వు సగం విప్పి బొటనవేలు అడ్డం పెట్టాడు. తుస్సుమనలేదు. రబ్బరు నొక్కితే అప్పడంలా అణిగింది.

తన ఇంటి ట్యూబు పంచరైందనుకున్నాడు. మోకాలితో తోస్తే తలుపు తెరుచుకుంది. పైన ఎర్రదీపం వెలుగుతూనే ఉంది.

వీధి నిండా ఎండుటాకులు. సైకిలెక్కాడు. మొదటి పది గజాలు హ్యాండిలు వణికింది. తరవాత కాళ్ళకి దారి తెలిసింది. ఫ్యాను గాలి కాదు, నిజం గాలి చొక్కాలోకి దూరింది. కిటికీల వెనక జనం తొక్కడం ఆపి చూస్తున్నారు. ఎదురింటి గురునాథం మేస్టారు కిటికీ మైకులోంచి అడిగారు.

"ఏమోయ్ పైడన్నా, అందరినీ చంపుతావా ఏమిటి?"

"మీరు తొక్కండి మేస్టారూ. పొద్దున్నించీ తొక్కితే గోడ కాడికి ఎల్లిపోతారు."

వీధి మొగలో గాలికాపరి తల తిప్పింది. పైడన్న దిగలేదు. ఒక కాలు నేల మీద ఆన్చాడు. సైరను మోగుతుందనుకున్నాడు.

"నమస్కారం పైడన్నగారూ. బయటికి వచ్చినవాళ్ళలో మీరు రెండోవారు" అంది గాలికాపరి.

మొదటివారు ఎవరని అడిగాడు. ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పకూడదంది. మనిషి వీధి మొగ దాకా వస్తే హైమవతిగారికి కబురు పెట్టాలని తనకి నియమం ఉంది, పెట్టానని కూడా చెప్పింది. వెంటనే స్తంభంలోంచి హైమవతి గొంతు వినిపించింది. ఆవిడ గంటస్తంభం దగ్గర కంట్రోలు గదిలో రెండు వందల పదకొండు రోజులుగా ఉంది. తిండీ నిద్రా అక్కడే. ఆ గదికీ గాలికట్టే.

లోపలికి వెళ్ళమంది. ఒక్క మనిషి తిరిగితే వీధంతా పోతుందంది. ఇంత నిర్లక్ష్యమా అంది. పైడన్న అంతా విన్నాడు.

"గాలి బాగునేదేటి డాక్టరమ్మా?" అన్నాడు చివరికి.

ఆవిడ అదే ప్రశ్న యంత్రాన్ని అడిగింది.

"గాలి శుభ్రపడి డెబ్బై ఒక్క రోజులైందమ్మా. ఆ రోజే ఊళ్ళో ట్యూబులన్నిటిలో గాలి తీసేశాను" అంది గాలికాపరి.

ఆ వైపు హైమవతి కంప్యూటరు మీటలు టకటకలాడాయి.

"మరి ఎర్రదీపాలు?"

"మీరు పెట్టిన నియమమే అమ్మా. వీధిలో సగం మంది తలుపు తెరుస్తామంటేనే దీపం పచ్చబడాలి. ఒకరు ముందొస్తే మిగతావాళ్ళు కొడతారన్నారు మీరు."

"నాకెందుకు చెప్పలేదు?"

"రోజూ ఆరింటికి చెప్పాను. గాలి బాగుంది, కట్టు వదిలేశాను, తలుపు తెరుస్తారా అని అడిగాను. మొదటి మీట తెరుస్తాను. మూడోది తెరవను. మధ్యది, ఎదుటివాళ్ళు తెరిచాక తెరుస్తాను. మీరు మధ్యది నొక్కారు. ఊళ్ళో ఒక్కరు తప్ప అందరూ అదే నొక్కారు."

పైడన్న నేల కేసి చూశాడు.

"నానో?"

"మీరూ అంతే పైడన్నగారూ. డెబ్బై ఒక్క సార్లు."

తను అసలు సైకిలు పనివాడినని తన మీద తనకే ఒక లెక్క ఉండేది. గోడ సైకిలు తొక్కే జనాన్ని చూసి లోలోపల నవ్వుకున్నాడు కూడా. పెడలు మీద కాలేశాడు. ఎక్కడికని హైమవతి అడిగింది.

"శుక్రవారం బండి రాకముందే చెల్లెలి కాడికి" అన్నాడు, వెనక్కి చూడకుండా.

కోట పక్కనుంచి పోయాడు. రోడ్డు మధ్యనుంచే పోయాడు. ఎర్రదీపాల కింద వీధులు వీధులుగా తలుపులున్నాయి, అన్నీ వేసి ఉన్నాయి, ఏదీ బిగించి లేదు. వీధి వీధికీ బెల్లు కొట్టుకుంటూ పోయాడు. ఎవరన్నా తిడితే తిట్టనిచ్చాడు. తిట్టాలంటే కిటికీ దాకా రావాలి కదా.

కొత్తపేట మలుపులో రెండుసార్లు కొట్టాడు.

సూరమ్మ అరుగు మీదే ఉంది. గోడకి వీపు ఆన్చి, పాదాలు ఎండలోకి చాపుకుని. ఒడి నిండా ఎదురింటి నుంచి గాలికి ఎగిరొచ్చిన వేపపూత. తల పైన ఎర్రదీపం.

"బెల్లుకి నూనె ఎయ్యనేదేటన్నా? గొంతు మారిపోనాది" అంది.

పైడన్న సైకిలు స్టాండు వెయ్యడం మర్చిపోయాడు. అది పక్కకి ఒరిగితే తొడతో ఆపుకున్నాడు. తలుపు తెరుచుకుంటుందని ఎందుకు చెప్పలేదని అడిగాడు.

"రోజూ సెప్పినాను. పిచ్చిదాన్నన్నారు."

"పైన దీపం ఎర్రగుంది కదే."

"నాకేటి దీపం? అది తలుపు తీత్తావా అంటే తీత్తానన్నాను. తీసినాను. ఈదిలో ఒక్క మనిసి సప్పుడు నేదు. అందరూ పోనారేటో అనుకున్నాను. నువ్వు మాత్రం ఫోనులో మాటాడతన్నావు. మరి రావేటి అనుకున్నాను."

పైడన్న మాస్కు తీసి జేబులో పెట్టుకున్నాడు. చెల్లెలి చెయ్యి పట్టుకుని సైకిలు వెనక క్యారేజీ మీద పెట్టాడు. ఆమె తడిమి చూసుకుని, చీర కుచ్చిళ్ళు దోపుకుని, ఒక పక్కకి కాళ్ళు వేలాడేసి కూర్చుంది.

మొగలో ఉన్న గాలికాపరి వాళ్ళవైపు తల తిప్పింది.

"రేపు బండొస్తే ఈ ఇంట్లో ఎవులూ నేరని రాసుకో" అన్నాడు పైడన్న దానితో. "గాలి తినడానికి ఎల్లినారని రాసుకో."

స్తంభంలోంచి హైమవతి గొంతు వచ్చింది. ఇందాకటి గొంతు కాదు.

"పైడన్నగారూ, నా కంప్యూటరులో ట్యూబు ఖాళీ అనే ఉంది. అయినా చెయ్యి రావడం లేదు. తలుపు దగ్గరే నిలబడ్డాను. మీరేం చేసి చూశారు?"

"ఉమ్మెట్టి సూసినానమ్మా."

"ఎక్కడ పెట్టాలి?"

"కింద మూల వాల్వుంటాది. దాని మూతి మీద."

వాళ్ళు ఎదురుచూశారు. సూరమ్మ క్యారేజీ మీద కాళ్ళు ఊపుకుంటోంది. చాలాసేపటికి స్తంభంలోంచి హైమవతి బుడగ రాలేదంది.

"అయితే తొయ్యండి" అన్నాడు పైడన్న.

పెడలు తొక్కాడు. బరువుకి సైకిలు ఒకసారి ఊగి నిలదొక్కుకుంది. వీధి సగం దాటాక వెనక స్తంభంలోంచి డాక్టరమ్మ గది తలుపు కిర్రుమన్న చప్పుడొచ్చింది.

"మూడోవారు" అంది గాలికాపరి.