అయిదో నంబరు మనిషి

"అమ్మా, రేపటి మ్యాచ్‌లో నువ్వు ఆడొద్దు!"

కూతురు ఆ మాట వంటింటి గుమ్మంలో నిలబడి అంది. లోపలికి రాలేదు. చెప్పాల్సింది చెప్పేసి వెళ్ళిపోదామనుకునేవాళ్ళు అలాగే నిలబడతారు. తల్లి పొయ్యి మీది పాలగిన్నె వైపే చూస్తూ ఉండిపోయింది. పాలు పొంగాయి... గిన్నె అంచు దాటి పొయ్యి మీద పడ్డాయి... మంట తగ్గించడానికి ఆమెకు చెయ్యి లేవలేదు.

"వినిపించిందా?"

"వినిపించిందమ్మా..."

"పదకొండు మ్యాచ్‌లు ఆడావు. పదకొండూ ఓడావు! ఇన్నాళ్ళూ మిగతా నలుగురం గెలుస్తున్నాం కాబట్టి సరిపోయింది. రేపు బ్యాంకు క్లబ్బు వాళ్ళతో. గెలిచినవాళ్ళదే లీగు. కాలేజీ అమ్మాయి ఒకతి వస్తానంది, నీ బదులు తనని ఆడిస్తాను. ఇంట్లో నువ్వు అమ్మవే. కానీ టీముకు కెప్టెన్ని నేను!"

ముందు గదిలో పేపరు చదువుతున్న తండ్రి అక్కడి నుంచే గొంతు కలిపాడు. ఆయన బస్సు డిపోలో టైం కీపరు. "మానిపించకే తల్లీ! మీ అమ్మకు ఓడటం అలవాటైపోయింది. ఒక్కసారిగా మానేస్తే ఒంటికి పడదు!" అని తన మాటకు తనే నవ్వుకున్నాడు. ఇరవై ఆరేళ్ళుగా ఆయన వేసే జోకులకు ఆ ఇంట్లో నవ్వేది ఆయనొక్కడే.

ఆసుపత్రి లాండ్రీలో పని తల్లిది. రోజుకు ఎనిమిది గంటలు ఆవిరి కక్కే ప్రెస్సు ముందు నిలబడి దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. అలాంటి మనిషి చేతికి స్క్వాష్ రాకెట్ ఎలా వచ్చిందో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. తెలిసీ ఎవరూ గుర్తు పెట్టుకోలేదు!

కూతురికి అప్పుడు తొమ్మిదేళ్ళు. నాలుగు గోడల మధ్య ఇద్దరు నిలబడి, ఎదురుగోడకు బంతిని మార్చి మార్చి కొట్టే ఆ ఆటంటే దానికి పిచ్చి. కానీ ఓడితే ఓర్చుకోలేదు. బంతి అందకపోతే రాకెట్ విసిరికొట్టి ఏడ్చేది. దానితో ఆడటానికి ఏ పిల్లా ఒప్పుకోలేదు. "ఈ పిల్లకు ఓపిక లేదమ్మా, ఇంకేదైనా ఆట చూసుకోండి" అని కోచ్ చేతులు దులిపేసుకున్నాడు. అప్పుడు తల్లి దిగింది కోర్టులోకి. క్లబ్బులో ఎవరో వదిలేసి పోయిన రాకెట్ పట్టుకుని, లాండ్రీ యూనిఫారంతోనే! మొదట్లో బంతి ఎటు పోతుందో ఆమెకే తెలిసేది కాదు. అందనిచోట పడేది, పిల్ల ఏడ్చేది. ఆ ఏడుపు వినలేక బంతిని పిల్ల చేతికి అందేలా పంపడం నేర్చుకుంది. కుడిపక్కన, చేయి చాచినంత దూరంలో, మోకాలి ఎత్తున. రోజుకు రెండు వందల బంతులు... మూడు వందలు... డ్యూటీ దిగి, కాళ్ళు వాచిపోయి, అయినా పన్నెండేళ్ళు! పిల్ల అలా కొట్టి కొట్టి క్లబ్బుకు మొదటి నంబరు అయ్యింది. ఈ ఏడాది టీములో ఒక మనిషి తక్కువైతే, తల్లిని అయిదో నంబరుగా రాసుకుంది. ఖాళీ నింపడానికి.

క్లబ్బులో అందరూ ఆమెను గోడక్క అంటారు. "మా గోడక్కను దాటి బంతి పోదు. పాయింటు మాత్రం రాదు!" అని టీములోని బేకరీ ఆవిడ ఆట పట్టిస్తుంది.

ఇంకో సంగతి. ఆ పదకొండు ఓటముల్లో ఒక్కటి కూడా కూతురు చూడలేదు. ఈ లీగులో అయిదో నంబరు ఆట అన్నిటికంటే చివర పెడతారు. అప్పటికే ఫలితం తేలిపోయి ఉంటుంది. అందరూ స్నానాలకు పోతారు. కెప్టెన్లు పైగదిలో టీ తాగుతూ ఒకరినొకరు మెచ్చుకుంటుంటారు. కింద ఖాళీ బెంచీల ముందు గోడక్క ఆడుతుంది, ఓడుతుంది, తలుపు తీసుకుని వస్తుంది. స్కోరు చెప్పే మనిషి కూడా మధ్యలో గడియారం చూసుకుంటూ ఉంటుంది...

తల్లి చెయ్యి చాచి పొయ్యి ఆపేసింది. తిరిగి కూతురి ముఖంలోకి చూసింది.

"నేను ఆడతాను."

"అమ్మా!"

"ఈ ఇంట్లో నాది అనేది ఏముందే? పొద్దున్న మీ నాన్న డ్యూటీని బట్టి లేస్తాను. రాత్రి నువ్వు తినేదాన్ని బట్టి వండుతాను. వారానికి ఒక్క గంట... ఆ కోర్టులో ఉన్న ఒక్క గంటే నాది. ఓడినా నాదే! నా పేరు తీసేయాలనుకుంటే అందరి ముందూ నీ చేత్తో కొట్టేయ్. నా అంతట నేను మాత్రం మానను."

ముందు గదిలో పేపరు చప్పుడు ఆగిపోయింది. ఆ ఇంట్లో ఆమె అంత పొడుగు మాట మాట్లాడటం అదే మొదటిసారి.

కూతురి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. జాలితో కాదు, కోపంతో. "సరే, ఆడు! ఏడాది మా కష్టం నీ చేతుల్లో పోతే ఆ పాపం నీదే!" అని విసురుగా వెళ్ళిపోయింది.

పాపం అట! కన్నకూతురు అనే మాటేనా అది! తల్లి పొంగిన పాలు తుడుచుకుంటూ కూర్చుంది.

మర్నాడు మధ్యాహ్నం మ్యాచ్. అయిదు ఆటల్లో మూడు గెలిచినవాళ్ళదే మ్యాచ్. ఒక్కో ఆటలోనూ అయిదు గేములకు మూడు గెలవాలి. నాలుగో నంబరు టీచరమ్మ గెలిచింది. మూడో నంబరు బేకరీ ఆవిడ ఓడింది. రెండో నంబరు పళ్ళ డాక్టరు గెలిచింది. ఇక మొదటి నంబరు, కెప్టెను, కూతురు. రెండు గేములు వెనకబడి, రెండు గేములు లాక్కుని, చివరి గేములో గెలిచే బంతిని గోడ అడుగున ఉండే రేకు పట్టీకి కొట్టేసింది. ఠంగుమని మోగింది! ఆ చప్పుడుకు దాని ముఖం పాలిపోయింది. రేకుకు తగిలితే పాయింటు అవతలివాళ్ళదే. ఆ తర్వాత మరి రెండు బంతుల్లో ఆటే పోయింది.

రెండుకు రెండు. ఇక మిగిలింది అయిదో నంబరు.

ఆ రోజు ఎవరూ స్నానానికి పోలేదు. టీకీ పోలేదు. బెంచీలన్నీ నిండిపోయాయి. "గోడక్కా, గోడలా నిలబడు!" అంది బేకరీ ఆవిడ, కానీ గొంతులో ధైర్యం లేదు. అవతల బ్యాంకు క్లబ్బు క్యాషియరు, పాతికేళ్ళ పిల్ల, పొడుగు కాళ్ళు. కూతురు అద్దాల గోడ వెనక ముఖానికి తువ్వాలు అడ్డం పెట్టుకుని కూర్చుంది. చూడకూడదనుకుంది. కానీ ఆ రోజు వెళ్ళడానికి ఇంకెక్కడా చోటు లేదు.

మొదటి గేము పదకొండు - ఎనిమిది. పోయింది. రెండోది పదకొండు - తొమ్మిది. అదీ పోయింది. ఒక్కో పాయింటుకు నలభై దెబ్బలు, యాభై దెబ్బలు... తల్లి పరుగెత్తుతోంది, వంగుతోంది, గోడకు భుజం రాసుకుపోతున్నా బంతిని వదలడం లేదు. క్యాషియరు పిల్లకు మాత్రం చెమట కూడా పట్టలేదు! ఎందుకు పట్టలేదు?

కూతురు తువ్వాలు దించింది.

ఆ పిల్ల కదలడం లేదు. నిలబడిన చోటే నిలబడి కొడుతోంది. బంతి దాని దగ్గరికే వస్తోంది. కుడిపక్కన, చేయి చాచినంత దూరంలో, మోకాలి ఎత్తున. మళ్ళీ అక్కడికే. మళ్ళీ అక్కడికే! చూస్తూ చూస్తూ ఉండగానే ఒళ్ళో ఉన్న కూతురి కుడిచెయ్యి తనంతట తనే కదిలింది, ఆ బంతిని కొట్టడానికి. ఆ బంతి ఎప్పుడు, ఎంత ఎత్తున వస్తుందో ఆ చేతికి తెలుసు. తొమ్మిదేళ్ళప్పటి నుంచీ తెలుసు...

కూతురు బెంచీలు దాటుకుంటూ మెట్లు దిగి పరుగెత్తింది. గేముకూ గేముకూ మధ్య ఒకటిన్నర నిమిషం. తల్లి కోర్టు తలుపు దగ్గర గోడకు ఆనుకుని రొప్పుతోంది.

"అమ్మా!"

"నీళ్ళు ఉన్నాయిలేమ్మా. నువ్వు వెళ్ళి కూర్చో..."

"నీళ్ళు కాదు! నువ్వు బంతి ఎక్కడికి కొడుతున్నావో తెలుసా?"

"గోడకేగా..."

"దాని చేతికి ఇస్తున్నావమ్మా! ప్రతి బంతీ! నాకు ఇచ్చినట్టే, అదే చోటికి..."

తల్లి ఆయాసంలో ఆలోచించకుండా అనేసింది. "అందకపోతే ఏడుస్తావు కదే..."

అనేసి ఆగిపోయింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పన్నెండేళ్ళు ఆ తలుపు దగ్గరికే వచ్చి నిలబడ్డాయి!

"అవతల ఉన్నది నేను కాదమ్మా!" కూతురు తల్లి రెండు చేతులూ పట్టేసుకుంది. "నేను కాదు! ఆ పిల్ల ఏడ్చినా మనకు సంబంధం లేదు. దానికి అందకుండా కొట్టు! ఎక్కడ అందితే నేను కొట్టగలనని చూసుకునేదానివో, అక్కడికి కాకుండా ఇంకెక్కడికైనా కొట్టు!"

మూడో గేము మొదలైంది. తల్లి మొదటి బంతిని ఎడమ మూలకు కొట్టింది. క్యాషియరు కదిలేలోపే అది రెండుసార్లు నేలను తాకింది. పాయింటు! తల్లి ఉలిక్కిపడి, "అయ్యో, సారీ అమ్మా!" అంది ఆ పిల్లతో. బెంచీలన్నీ గొల్లుమన్నాయి. "సారీ చెప్పకు గోడక్కా! ఇంకోటి కొట్టు!" అని బేకరీ ఆవిడ అరిచింది. ఇంకోటి కొట్టింది. ఇంకోటి... పన్నెండేళ్ళు బంతిని ఒక్క చోటికి గురి చూసి పంపిన చెయ్యి అది. మూడు వేళ్ళంత తేడా రాని చెయ్యి! ఎక్కడికి కావాలంటే అక్కడికి పంపగలదని ఆ చేతికి ఎవరూ చెప్పలేదు, అంతే. పదకొండు - ఏడు. తర్వాతి గేము పదకొండు - అయిదు. పొడుగు కాళ్ళ పిల్ల కోర్టు నాలుగు మూలలా పరుగులు తీసింది. కూతురు అద్దానికి నుదురు ఆనించి చూస్తోంది. ఏడుస్తోందని తనకే తెలియదు.

అయిదో గేము తొమ్మిది - తొమ్మిది దాకా వచ్చింది.

అక్కడ తల్లి కాళ్ళు ఆగిపోయాయి. నలభై ఎనిమిదేళ్ళ కాళ్ళు, రోజుకు ఎనిమిది గంటలు సిమెంటు నేల మీద నిలబడే కాళ్ళు! బుద్ధి వెళ్ళమన్న చోటికి కాళ్ళు వెళ్ళలేకపోయాయి. ఒక బంతి వేలెడు దూరంలో పోయింది. రెండో బంతి రాకెట్ అంచుకు తగిలి పక్కకు పోయింది.

పదకొండు - తొమ్మిది. లీగు బ్యాంకు క్లబ్బుది.

తల్లి క్యాషియరు పిల్లతో చెయ్యి కలిపింది. తలుపు తీసుకుని బయటకు వచ్చింది. ఎదురుగా కూతురు. తల్లి తల దించుకుంది. "నువ్వన్నట్టే అయ్యిందమ్మా... పాపం నాదే..."

"ఆ మాట మళ్ళీ అనకు!" కూతురు ఆమె మీద పడిపోయింది. చెమటతో తడిసిన ఆ భుజంలో ముఖం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. "పదకొండు మ్యాచ్‌లూ నువ్వు ఓడలేదమ్మా... నేనే ఓడించాను! ఒక్కటంటే ఒక్కటి చూసి ఉంటే... మొదటి మ్యాచ్‌కే ఈ మాట చెప్పి ఉండేదాన్ని! నేను చూడలేదు... టీ తాగుతూ కూర్చున్నాను..."

అది నిజమే. ఒక్కటి చూసినా సరిపోయేది. చూడలేదు. ఏడ్చినంత మాత్రాన ఆ పదకొండు మధ్యాహ్నాలూ తిరిగి రావు. తల్లి ఆ సంగతి ఎత్తలేదు. కూతురి తల నిమురుతూ నిలబడింది, అంతే.

పైగదిలో టీ. మ్యాచ్ ఎవరి క్లబ్బులో జరిగితే వాళ్ళ కెప్టెను రెండు మాటలు మాట్లాడటం క్లబ్బుల పద్ధతి. అంతకుముందే బ్యాంకు క్లబ్బు కెప్టెను పలకరింపుగా అడిగింది. "అంత చక్కటి ఫోర్‌హ్యాండు ఎవరు నేర్పారమ్మా నీకు? ఏ కోచ్?"

ఇన్నేళ్ళూ ఆ ప్రశ్నకు కూతురు చెప్పే జవాబు ఒకటే. 'నేనే నేర్చుకున్నాను.' ఇప్పుడు లేచి నిలబడింది.

"మేం ఓడిపోయాం. నా ఆట నేను గెలిచి ఉంటే ఓడేవాళ్ళం కాదు. ఆ బంతిని రేకుకు కొట్టింది నేను, మా అయిదో నంబరు కాదు! నాకు ఆట ఎవరు నేర్పారని అడిగారు. అదిగో, ఆవిడ. మా అమ్మ. ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. ఆవిడకు ఎవరూ ఏమీ నేర్పలేదు. నేను గెలవాలని, పాయింటు ఎలా కొట్టాలో కూడా ఆవిడ నేర్చుకోలేదు..."

ముందు క్యాషియరు పిల్ల లేచింది. తర్వాత పళ్ళ డాక్టరు, టీచరమ్మ, అవతలి మిగతా నలుగురూ లేచారు. చప్పట్లు ఆగలేదు. బేకరీ ఆవిడ ముక్కు చీదుకుంటూ "గోడకు కన్నీళ్ళు రాకూడదే!" అంది. గోడక్కకు రాలేదు. ఆమె నిటారుగా కూర్చుంది. జీవితంలో మొదటిసారి ఒక గదిలో అందరూ తనవైపే చూస్తుంటే, జుట్టు సర్దుకోలేదు, తల దించుకోలేదు.

అప్పుడు వచ్చాడు తండ్రి. డ్యూటీ దిగి, ఇద్దరినీ ఇంటికి తీసుకుపోదామని. గుమ్మంలోంచే నవ్వుతూ, "ఏమైంది? మళ్ళీ..." అన్నాడు.

అందరూ ఆయన వైపు తిరిగారు. ఎవరూ నవ్వలేదు.

"ఉండు నాన్నా," అంది కూతురు. "అమ్మ టీ తాగుతోంది."

ఆయన కూర్చోవడానికి కుర్చీ కోసం చూశాడు. ఖాళీ లేదు. ఎవరూ లేవలేదు. గోడ పక్కన నిలబడ్డాడు. ఆమె ఒకసారి తలెత్తి ఆయన్ను చూసింది. తర్వాత కప్పు అందుకుంది. టీ ఇంకా వేడిగానే ఉంది. ఆమె తొందరపడలేదు.