పటంలో జరిగిన వాగు

ఉదయం ఏడున్నరకి తలుపు చప్పుడయ్యేసరికి పటాలమ్మ కూతురికి జడ అల్లుతూ, పొయ్యి మీద పొంగబోతున్న పాల మీద ఓ కన్నేసి ఉంది. ఊరి ప్లానింగ్ ఆఫీసులో పటాలు గీసే ఉద్యోగం ఆమెది. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. కూరగాయల దుకాణం నుంచి బడి పంతులమ్మ దాకా అందరికీ ఆమె పటాలమ్మే.

వచ్చింది వీధి చివర అద్దె వసారాలో కుట్టుమిషన్ పెట్టుకున్న టైలరమ్మ.

"పొద్దున్నే వచ్చి ఇబ్బంది పెడుతున్నానేమో. పాప గౌను చేతులు వదులు చేసి తెచ్చాను" అంటూ సంచి అందించి, గుమ్మంలోనే నిలబడింది. "ఇంకో చిన్న పని కూడా ఉందమ్మా. ఒక కాగితం రాసిపెట్టాలి."

"ఏం కాగితం?"

"మీ ఆఫీసు గోడకి కొత్త పటం అంటించారు కదా. నిన్న చూసొచ్చాను. వాగు అవతల నేను కొనుక్కున్న స్థలానికి పచ్చరంగు వేశారు. పచ్చ కదా, మంచిదే అనుకుని సంతోషపడ్డాను కూడా! పక్కనున్నాయన నవ్వి చెప్పాడు, పచ్చరంగు పడితే ఇటుక మీద ఇటుక పెట్టకూడదట."

పటాలమ్మ చేతిలో జడ పాయలు జారిపోయాయి. పిల్ల "అమ్మా, లాగుతున్నావ్" అని అరిచింది.

"వాగుకి వంద అడుగుల లోపు ఇళ్లు కట్టకూడదంటున్నారు, బాగానే ఉంది. కానీ నాది మెరకమ్మా. ఎంత వాన కురిసినా నా గట్టు తడవలేదు. ఆ మెరక చూసే కొన్నాను. రెండు గదులు వేసుకుని, ముందు గదిలో మిషన్ పెట్టుకుందామని ఇరవై ఏళ్లుగా అనుకుంటున్నాను. మెరక మీదికి వాగు ఎలా వస్తుంది చెప్పండి? ఎల్లుండి అభ్యంతరాలు వింటారట. ఆఫీసు మాటల్లో రాయడం నాకు చేతకాదు. మీకంటే తెలిసినవాళ్లు నాకెవరున్నారు?"

పటాలమ్మ పొయ్యి కట్టేసి, కాగితం, కలం తెచ్చుకుని బల్ల ముందు కూర్చుంది. రాయాల్సింది రెండే వాక్యాలని ఆమెకి తెలుసు. స్థలం మెరక మీద ఉంది, కొలిచి చూడండి. ఆ రెండూ రాస్తే ఎవరో ఒకరు వెళ్లి కొలుస్తారు. కొలిస్తే పటం గుట్టు బయటపడుతుంది. అందుకని "నిరుపేదనైన నా విన్నపాన్ని సానుభూతితో పరిశీలించగలరని ప్రార్థన" అని గుండ్రటి అక్షరాలతో రాసింది.

టైలరమ్మ దాన్ని కూడబలుక్కుని చదివి మురిసిపోయింది. "ఎంత మర్యాదగా రాశారో!" అని సంతకం పెట్టింది. గౌను కూలి ఇవ్వబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "ఇంత సాయం చేశాక మీ దగ్గర తీసుకుంటానా?"

ఆమె వీధి మలుపు తిరిగేదాకా పటాలమ్మ గుమ్మంలోనే నిలబడింది. వెనక్కి తిరిగితే మామగారి కళ్లు ఎదురవుతాయని తెలుసు. ఆయన వరండాలో పేపరు చదువుతున్నారు. చాలాసేపటి నుంచి పేజీ తిప్పలేదు.

మామగారు ఒకప్పటి సర్వేయరు. ఆ ఊళ్లో ఆయన కొలత గొలుసు పడని గట్టు లేదు. కోడలు కాపురానికి వచ్చిన కొత్తలో, అంట్లగిన్నెలు పక్కన పెట్టించి చేతికి పెన్సిల్ ఇచ్చింది ఆయనే. పరీక్ష రాయించిందీ, ఉద్యోగంలో చేరిన రోజు ఆఫీసు గుమ్మం దాకా వచ్చి దిగబెట్టిందీ ఆయనే.

మూడు నెలల క్రితం పటాలమ్మ తమ్ముడు వచ్చి కూర్చున్నాడు. వాగు మెలిక దగ్గర ఇవతలి ఒడ్డున స్థలం కొన్నానన్నాడు. పచ్చరంగు పడితే అది పశువుల్ని మేపుకోవడానికి తప్ప పనికిరాదన్నాడు. "నీకది పెన్సిలంత గీత అక్కా. నాకది జీవితం" అన్నాడు. వాడి స్థలాన్ని తప్పించాలంటే ఒకటే దారి కనిపించింది పటాలమ్మకి. మెలిక దగ్గర వాగునే కొంచెం అవతలికి జరిపి గీసింది. వాగుతోపాటు పచ్చరంగూ జరిగింది. జరిగి ఎవరి స్థలం మీద పడిందో ఆ రోజు చూడలేదు. ఆమె చూడదలచుకోలేదు.

టైలరమ్మ వచ్చి వెళ్లిన రోజు సాయంత్రం ఆమె ఆఫీసు నుంచి వచ్చేసరికి మామగారి చెప్పులు మట్టి కొట్టుకుని ఉన్నాయి. మోకాళ్ల నొప్పితో వీధి చివరికి కూడా వెళ్లని మనిషి ఆయన.

"అమ్మాయ్, మన వాగు ఎప్పుడు నడిచింది?" అని అడిగారు.

"నడవడమేమిటి మామయ్యా?"

"మీ ఆఫీసు గోడ మీది పటంలో మెలిక దగ్గర ముప్పై అడుగులు అవతలికి నడిచింది. నేను గొలుసు పట్టి కొలిచినప్పుడు అక్కడ లేదు. ఇవాళ కర్ర పట్టుకుని వెళ్లి చూశాను. ఇప్పటికీ అక్కడ లేదు."

పటాలమ్మ నోరు ఊరుకోలేదు. "పాతకాలపు గొలుసు కొలతలు కదా. మీదే తప్పయి ఉండొచ్చు" అంది.

అన్న మరుక్షణం నాలుక కరుచుకుంది. మామగారి మొహంలో కోపం రాలేదు. చిన్నపిల్లవాడిని నలుగురిలో కొడితే ఎలా చూస్తాడో అలా చూశారు.

"అయి ఉండొచ్చు" అన్నారు మెల్లగా. "పొద్దున టైలరమ్మ మెరక, మెరక అని ఎన్నిసార్లందో నేను విన్నాను. నువ్వు రాసిన కాగితం ఆవిడ పైకే చదివింది. అందులో ఆ మాట ఒక్కసారీ లేదేం? వాగు నడిచింది మీ తమ్ముడు కొన్న పల్లాన్ని తప్పించడానికేనా?"

పటాలమ్మకి కోపం వచ్చింది. "మీరు రిటైరై ఎన్నయినా చెప్తారు. వాడు నా తమ్ముడు! కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఊరుకుంటున్నాను గానీ, ఈ ఊళ్లో ఎవరు చేయడం లేదు ఇలాంటివి?"

"తమ్ముడికి మేలు చేశాననుకుంటున్నావా?" మామగారి గొంతు మొదటిసారి లేచింది. "గట్టి వాన కురిస్తే ఆ పల్లంలో మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయి. నేను కళ్లారా చూశాను. వాడి పిల్లల్ని ఆ నీళ్లలో పడుకోబెడతావా? వాడికి ఇల్లు కట్టించడం లేదమ్మా నువ్వు. వాగులో కాపురం పెట్టిస్తున్నావు."

"ఎవరికైనా చెప్తారా?" అని అడిగింది పటాలమ్మ.

"నేనెందుకు చెప్తాను? నోరు నీకూ ఉంది" అని ఆయన కర్ర అందుకుని లోపలికి వెళ్లిపోయారు. ఆ పూట భోజనానికి రాలేదు.

మర్నాడు ఆమె తమ్ముడికి ఫోన్ చేసి, వాగు జరిపిన సంగతి ఆఫీసులో చెప్పేస్తానంది. "పిచ్చి పట్టిందా అక్కా? నీ ఉద్యోగం ఊడుతుంది, నా పరువు పోతుంది. రక్తం పంచుకు పుట్టినదానివేనా నువ్వు?" అని పెట్టేశాడు. ఆ మాటతో ఆమె మళ్లీ వెనక్కి తగ్గింది. ఎవరో ఒకరు కొలిచి చూడకపోతారా, తన ప్రమేయం లేకుండానే సర్దుకోకపోతుందా అని రోజంతా తనకి తానే చెప్పుకుంది.

అభ్యంతరాలు వినేరోజు సమావేశ మందిరంలో కుర్చీలు చాల్లేదు. మామగారు వెనక వరసలో కూర్చున్నారు. ప్లానింగ్ అధికారి ఒక్కో కాగితం తీసి చదివి పక్కన పెడుతున్నాడు. మూడోది టైలరమ్మది.

"సానుభూతి అంటే కుదరదమ్మా. కారణం ఉండాలి. ఇందులో ఒక్క కారణమూ రాయలేదు. తోసిపుచ్చుతున్నాను. తర్వాతది..."

టైలరమ్మ వాదించలేదు. "సరేనండి" అని కూర్చుంది. కూర్చుంటూ పటాలమ్మ వైపు తిరిగి చిన్నగా నవ్వింది. మీరు చేయగలిగింది చేశారు, నా రాత ఇంతే అన్నట్టున్న నవ్వు.

ఆ నవ్వు భరించలేకపోయింది పటాలమ్మ. లేచి నిలబడింది.

"అయ్యా, ఆ కాగితం నేను రాశాను. కారణం ఆవిడ చెప్పింది, నేనే రాయలేదు."

అధికారి కళ్లద్దాలు తీశాడు. "ఏమంటున్నావమ్మా?"

"ఆ పటమూ నేనే గీశాను. మెలిక దగ్గర వాగు అక్కడ లేదు. మా తమ్ముడి స్థలం తప్పించడానికి అవతలికి జరిపాను. ఆవిడ స్థలం మెరక. మా మామగారి పాత కొలతలే సరైనవి."

ఎవరో "దొంగ చేతికే తాళాలిచ్చాం" అన్నారు. ఇంకెవరో పగలబడి నవ్వారు. పటాలమ్మ తల దించుకుని నిలబడింది. భూమి చీలిపోతే బాగుండుననిపించింది. అది చీలలేదు.

టైలరమ్మ దగ్గరికొచ్చింది. "నేను మీ ఇంటికొచ్చిన రోజు... ఆ కాగితం రాస్తున్నప్పుడు మీకు తెలుసా అమ్మా?"

అందరి తిట్లకంటే ఆ చిన్న ప్రశ్న బరువుగా ఉంది.

"తెలుసు."

టైలరమ్మ అధికారి బల్ల మీద నుంచి తన కాగితం తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, వెళ్లిపోయింది.

ఇంటికి నడుస్తూ దారిలో పటాలమ్మ మామగారి చెయ్యి పట్టుకుంది. "మీ కొలత తప్పన్నాను మామయ్యా."

"అన్నావు" అన్నారాయన. "నలుగురిలో తప్పు కాదనీ అన్నావు. పద, ఎండగా ఉంది" అన్నారు. చెయ్యి మాత్రం వదిలించుకోలేదు.

వాగుని మళ్లీ కొలిచారు. పటం మారింది. విచారణ జరిగి పటాలమ్మని పాత ఫైళ్ల గదిలోకి మార్చారు, పదోన్నతి ఆపేశారు. తమ్ముడు రాకపోకలు మానేశాడు. ఇవన్నీ ఆమె ఓర్చుకుంది. బజారుకి మాత్రం చుట్టుదారిన వెళ్లేది, టైలరమ్మ వసారా ముందు నుంచి నడవాల్సి వస్తుందని.

ఒకరోజు మామగారు అడిగారు. "ఎన్నాళ్లు తిరుగుతావు ఆ చుట్టుదారిన?"

"చేసింది ఒప్పుకున్నాను కదా మామయ్యా. ఇంకేం చెయ్యను?"

"ఆఫీసుతో ఒప్పుకున్నావు. ఆవిడని ఏమడిగావు?"

నిజమే. అందరి ఎదుటా తల దించుకుంది గానీ, ఆ ఒక్క మనిషిని క్షమించమని అడగనేలేదు.

ఆమె వెళ్లేసరికి వసారాలో మిషన్ ఆడుతోంది. టైలరమ్మ తలెత్తి చూసి మళ్లీ కుట్టులో పడింది.

"నన్ను క్షమించండి" అంది పటాలమ్మ, రోడ్డు మీదే నిలబడి.

మిషన్ ఆగలేదు. "వాగు జరిపారు, తమ్ముడి కోసం. అది నాకు అర్థమైంది, నాకూ తోడబుట్టినవాళ్లున్నారు. కానీ ఎదురుగా కూర్చోబెట్టుకుని నా చేత సంతకం పెట్టించారు చూడండి. మర్యాదగా రాశారని మెచ్చుకున్నాను కూడా. నా పిచ్చితనం తలుచుకుంటే నాకే సిగ్గేస్తోంది."

"సిగ్గు మీది కాదు, నాది" అనబోయింది పటాలమ్మ. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, దారినపోయేవాళ్లు చూస్తున్నా ఆపుకోలేక ఏడ్చింది.

టైలరమ్మ కుడుతున్న అంచు చివరిదాకా కుట్టి, దారం తెంపింది. లేచి, కుర్చీ మీదున్న బట్టల కుప్ప తీసి కింద పెట్టి, కుర్చీని పటాలమ్మ వైపు జరిపింది.

"రోడ్డు మీద ఏడవకండి. లోపలికొచ్చి కూర్చోండి."

పటాలమ్మ వెళ్లి కూర్చుంది. టైలరమ్మ ఇంకో గుడ్డ అందుకుని మళ్లీ మిషన్ తొక్కడం మొదలుపెట్టింది. పొమ్మని మాత్రం అనలేదు.