తలుపు పక్క మొక్క

మొక్కజొన్నలన్నీ పైకి ఒకేలా కనిపిస్తాయి గానీ, లోపల కణంలో దాచుకున్న డీఎన్ఏ మూట ఒక రకానికి పెద్దది, ఇంకో రకానికి చిన్నది. ఒకే ఇంట్లో అన్నదమ్ములు ఒకడు పీపాలా, ఒకడు పుల్లలా ఉండరూ, ఇదీ అంతే.

ఆ మూటల కొలతలు తీయడం ల్యాబ్ అమ్మాయి పని. ఆకును బ్లేడుతో సన్నగా తరిగి, రంగు కలిపి మెషిన్‌లో పోస్తుంది. రోజుకో రకం ఆకు కోసి తేవడం గ్రీన్‌హౌస్ అబ్బాయి పని.

మొదటిరోజే తగువు.

"ఇది ఆకా, పాత చీపురా? వాడిపోయింది."

"పరిగెత్తుకునే వచ్చానండీ."

"ఎవరి వెనకాల?"

అబ్బాయి తలెత్తి కళ్లద్దాల వెనక ఆ కోపం చూశాడు. అంతే, పడ్డవాడు మళ్లీ లేవలేదు. మర్నాటి నుంచి ఆకులు నిగనిగలాడుతూ వచ్చాయి.

ఒక వానరోజు వెళ్లేసరికి ఆమె చెంపకు చెయ్యి చేర్చుకుని కూర్చుంది.

"అన్ని రకాలూ ఒకటే సైజు వస్తున్నాయి. తేడా లేనప్పుడు ఈ ప్రాజెక్టెందుకని సార్ మూసేస్తున్నారు. సోమవారం నుంచి నేను వేరే ఊరి ల్యాబ్‌కి."

అబ్బాయి గుండె జారి గమ్‌బూట్లలో పడింది.

"తేడా ఉందండీ."

"మెషిన్ లేదంటోందిగా."

"దాని తప్పు కాదు. నేను తెచ్చిన ఆకులన్నీ... తలుపు పక్క మొక్కవే."

"అన్నీనా?"

"మిగతా రకాలు ఆ చివర ఉన్నాయి. అక్కడిదాకా వెళ్లొస్తే ఆకు వాడుతుంది, మీరు తిడతారు. పైగా మీ దగ్గరికి రావడం ఆలస్యమవుతుంది."

ఆమె వానలోనే గ్రీన్‌హౌస్‌కి నడిచింది. తలుపు పక్కన ఒక్క ఆకైనా లేని మొక్క, కంకి ఒక్కటే చంకన పెట్టుకుని నిలబడి ఉంది.

"దీనికి గుండు గీసేశారు కదా," అందామె.

"కంకికి పీచు వదిలాను. కాస్త జుట్టుంటుందని."

కోపంగా ఉండాలనే చూసింది పాపం. నవ్వు ఆగలేదు.

"తడి కాగితంలో చుడితే ఆకు వాడదు. ఆ మాట నన్ను అడగొచ్చుగా."

"అడిగితే పరిగెత్తే పని ఉండదుగా."

ఇద్దరూ ఆ చివరికి వెళ్లి రకానికో ఆకు కోసుకొచ్చారు. సాయంత్రానికి స్క్రీన్ మీద కొండ రకం గీత ఇటు, పల్లపు రకం గీత అటు, అలిగిన తోడికోడళ్లలా దూరంగా నిలబడ్డాయి. సార్ రెండిటినీ చూసి, ఇంకో ఏడాది కానివ్వమన్నారు.

"రేపటి నుంచి ఆకుతో పాటు ఏ మొక్కదో ఫోటో కూడా తేవాలి," అందామె బ్లేడు తుడుస్తూ.

"తెస్తానండీ. మరి ఆదివారం?"

"ఆదివారం ఆకు లేకుండా రా."