బూజు అన్న మాట

పొద్దున్నే అత్తగారు కొంగు బిగించి, స్టూలెక్కి, బూజుకర్రతో పైకప్పు మూలలు దులుపుతోంది. అసలు ఆ ఇంట్లో కాపురం పెట్టాలంటే సాలీడుకి కూడా భయమే. అయినా ఐసీయూలో ఉన్న పెద్దాయనకు వచ్చిన కొత్త జబ్బు పేరు విన్నప్పటి నుంచీ ఆవిడ కర్ర దించలేదు, ఆస్పత్రి గడప తొక్కలేదు, కోడలితో మాట్లాడలేదు.

"అమ్మా, నాన్న నోట్లో గొట్టం తీసేశారు. మాటొచ్చింది. నిన్నే అడుగుతున్నాడు. నువ్వేమో ఇక్కడ గోడలతో యుద్ధం!" కొడుకు విసుక్కున్నాడు.

"ఏ మొహం పెట్టుకుని రానురా? ఆయన రక్తంలోకి బూజు ఎక్కిందట! నేను దులిపే ఇంట్లోంచి కాక ఇంకెక్కణ్ణుంచి ఎక్కుతుంది? నీ పెళ్ళాం నా మొహం మీదే అందిగా!" ఆవిడ ఇంకో మూలలోకి కర్ర పొడిచింది.

వంటింట్లోంచి కోడలు పరుగున వచ్చింది. "అయ్యో అత్తయ్యా! డాక్టరమ్మ ఫంగస్ అంది. మీకు తేలిగ్గా ఉంటుందని నేనే బూజన్నాను. అది ఇంటిది కాదు. మనందరి పేగుల్లో, చర్మం మీదా ఉండేదేనట. ఒంట్లో సత్తువ ఉన్నన్నాళ్ళూ నోరెత్తదు. మామయ్య నీరసించారు, పెద్ద పెద్ద యాంటీబయాటిక్కులు పడ్డాయి, మెడలో మందుల గొట్టం కూడా ఉంది. సందు చూసుకుని దూరింది. ఆ గొట్టం మార్చేసి, ఫంగస్ మందు ఎక్కిస్తున్నారు. ఇప్పుడు రక్తంలో అది లేదు!"

"మరి నేను మాట్లాడకపోతే ఎందుకని అడగవేం?"

"మామయ్య మీద బెంగనుకున్నాను."

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. కోడలు చెయ్యి అందిస్తే, ఎప్పుడూ వద్దనే మనిషి ఈసారి గట్టిగా పట్టుకుని దిగింది.

ఐసీయూ వాకిట్లో నర్సు చేతులు కడుక్కోమంటే ఆవిడ రెండుసార్లు కడుక్కుంది. పెద్దాయన చిక్కి సగమయ్యాడు. కొడుకు సంగతంతా ముందే చెవిన వేసినట్టున్నాడు, కళ్ళలో పాత కొంటెతనం.

"బూజు పట్టిన మొగుడు నాకెందుకులే అని వదిలేశావనుకున్నా," అన్నాడు బొంగురుగా.

ఆవిడకు ఏడుపూ నవ్వూ కలిసే వచ్చాయి. "బూజు పట్టిందని ఎవరైనా ఇల్లు వదిలేస్తారా? దులుపుకుని ఉంటారు గానీ!"

కోడలు కిసుక్కుమంది.

"నవ్వింది చాల్లే. ఇకమీదట డాక్టరమ్మ ఏమంటే అదే చెప్పు. నాకోసం తెలుగు చెయ్యకు," అని కసిరింది అత్తగారు. ఒక చేత్తో మొగుడి చెయ్యి, రెండో చేత్తో కోడలి చెయ్యి పట్టుకుని, రెండూ వదలకుండానే.