చోటు మారే నొప్పి

పొద్దున్నే లేచి జైనాబ్ బీ తన కాలు చూసుకుంది. నిన్నటిదాకా పిక్క మీద ఎర్రగా, తాడులా గట్టిపడ్డ నరం మెత్తబడింది. అలాంటిదే ఇప్పుడు ఎడమ మోచేతి దగ్గర తేలింది.

గురజాలలో పరుపులు కుట్టే ఇల్లు అది. కొడుకు ఇస్మాయిల్ దూది ఏకితే, కోడలు షకీలా గలీబులు కుట్టేది. అత్త కాళ్లకు రోజూ నూనె రాసేదీ షకీలానే.

"ఒరేయ్ ఇస్మాయిల్, నీ పెళ్లాం చెయ్యేసినకాడల్లా నరం గట్టిపడతంది. ఆ నూనెలో ఏం కలిపిందో అడగరా!"

షకీలా చేతిలో సూది ఆగిపోయింది. "ఆముదమే అత్తా, నీ ముందేగా కాచింది. చేతికి నేను రాయనేలేదు. మరి అక్కడెట్టా వచ్చింది?"

"ఎదురు చెప్తన్నావా? పో, మీ అమ్మగారింటికి పో!"

ఇస్మాయిల్ తల వంచుకున్నాడు. "అమ్మతో వాదనెందుకే" అన్నాడు చివరికి.

షకీలా కళ్లు తుడుచుకుంది. "పోతాలే. ముందు ఆమెను గుంటూరు ఆసుపత్రికి తీసకపోదాం. ఒకచోట తగ్గి ఇంకోచోట ఎందుకొస్తందో నాకూ తెలియాల."

మర్నాడు ముగ్గురూ రైలెక్కారు.

లేడీ డాక్టరు చేతి నరం చూసి, వెంటనే పొట్ట నొక్కింది. "అన్నం తింటున్నావా?"

"రెండు ముద్దలకే కడుపు నిండుతందమ్మా. చానా రోజులైంది" అంది జైనాబ్ బీ, గొంతు తగ్గించి. ఇంట్లో ఎవరికీ చెప్పని మాట అది.

పరీక్షలయ్యాక డాక్టరు మెల్లగా చెప్పింది. "కడుపులో రాచపుండు ఉంది. అది ఉన్నవాళ్లలో కొందరికి నరాల్లోనే రక్తం గడ్డకడుతుంది. ఒకచోట తగ్గి మరోచోట వస్తుంది. నూనె వల్ల వచ్చింది కాదు. కానీ ఇకమీదట రుద్దకండి."

"పుండు కడుపులో ఉంటే కాలిలో రక్తం ఎందుకు గడ్డకట్టాలమ్మా?" షకీలా ఉండబట్టలేక అడిగింది.

డాక్టరు ఆమె వైపు ఆసక్తిగా చూసింది. "రక్తంలో కంటికి కనపడని సన్నటి రేకులుంటాయి. దెబ్బ తగిలినచోట అవి ఒకదానికొకటి అతుక్కుని రక్తాన్ని ఆపుతాయి. ఈ జబ్బులో దెబ్బ లేకుండానే రక్తం గడ్డకడుతోంది. పుండు ఆ పని ఎలా చేయిస్తుందో మాకూ ఇంకా పూర్తిగా తేలలేదు."

"నయమవుద్దా?" అన్నాడు ఇస్మాయిల్.

"నొప్పి తగ్గించగలం" అంది డాక్టరు.

బయట వరండాలో జైనాబ్ బీ గోడకు ఆనుకుని కూర్చుంది. కోడలి చెయ్యి పట్టుకుంది. "కడుపులో ఏదో ఉందని తెలుస్తానే ఉందే. భయమేసి దాచా. ఆ భయమంతా నీమీద కోపంగా చూపించా."

షకీలా ఏడ్చేసింది. "నాకు చెప్తే ఏమయ్యేదత్తా?"

"తప్పు నాది. నిన్న నోరు విప్పాల్సింది" అన్నాడు ఇస్మాయిల్, భార్య పక్కన కూలబడి.

జైనాబ్ బీ కొంగుతో కోడలి మొహం తుడిచింది. "ఆ డాక్టరమ్మకే తెలీని సంగతి అడిగావే! రేపు మళ్లీ అడుగు. నా ఒంట్లో ఏం జరుగుతందో నాకూ వినాలనుంది. నువ్వు పక్కనుంటే భయం లేదు."