ఇన్‌స్పెక్టర్ అమ్మిన రివాల్వర్

లక్ష్మప్ప నూలు మూటల మధ్య వెల్లకిలా పడి ఉన్నాడు.

ఛాతీకి ఎడమవైపు ఒకే ఒక్క గుండు దెబ్బ. తెల్ల చొక్కా సగం ఎర్రబడింది. కుడిచేతికి జానెడు దూరంలో రివాల్వర్.

1955 జూలై 12, మంగళవారం. సాయంత్రం ఆరూ పది. ఎమ్మిగనూరులో లక్ష్మప్ప నూలు గోడౌన్.

ఆదోని నుంచి జీపులో వచ్చిన సర్కిల్ ఇన్‌స్పెక్టర్ మధుసూదనరావు వంగి రివాల్వర్ చూశాడు. వెబ్లీ, పాయింట్ త్రీ ఎయిట్. పిడి మీద చిన్న పెచ్చు ఊడి ఉంది.

ఆ పెచ్చు ఎలా ఊడిందో ఆయనకు తెలుసు. బళ్లారిలో తన చేతిలోంచే జారి బండల మీద పడింది. పదహారు నెలల కిందటిదాకా ఆ రివాల్వర్ ఆయనదే.

"కేసు తేలిపోయింది సార్," అన్నాడు ఎస్సై తిక్కయ్య. "ముద్దాయి లాకప్‌లో ఉన్నాడు."

"ఎవరు?"

"గిడ్డయ్య. ఈడనే మూటలు మోసే హమాలీ. పొద్దున లక్ష్మప్ప వాన్ని పనిలోంచి తీసేసినాడు. నాలుగూ ఇరవైకి తుపాకి మోత. ఆ వెంటనే వెనక వాకిట్లోంచి వాడు ఉరకడం ముగ్గురు చూసినారు."

"ఎన్నిసార్లు మోగింది?"

"ఒక్కసారే సార్. సావుకారు చేతిలో తుపాకి గుంజుకోని కాల్చి, ఆడనే పారేసి పోయినాడు."

"వాడేమంటాడు?"

"మల్లా పనిలో పెట్టుకోమని అడిగేదానికి వచ్చినా, మోత ఇని భయపడి ఉరికినా అంటాడు. అందరూ అనే మాటే కదా సార్."

మధుసూదనరావు రుమాలుతో రివాల్వర్ అందుకున్నాడు. మడత విప్పి ఆరు తూటాలూ అరచేతిలోకి దించుకున్నాడు. కిటికీ దగ్గరికి వెళ్లి, అందరికీ వీపు పెట్టి చూశాడు.

పేలినది ఒకటి. దాని అడుగున సుత్తి కొట్టిన లోతైన గుండ్రటి గుంట.

పేలనివి ఐదు. వాటిలో మూడింటి అడుగున సూదిమొన తగిలినంత చిన్న చుక్కలు.



లక్ష్మప్ప మూడుసార్లు ట్రిగ్గర్ నొక్కాడు. మూడుసార్లూ అది పేలలేదు. ఎదుట నిలబడ్డవాడి చేతిలో వేరే తుపాకి ఉంది. అది పేలింది. ఆ తర్వాత వాడు ఈ రివాల్వర్లోంచి ఒక తూటా తీసేసి, దాని చోట తన ఖాళీ తూటా పెట్టి, చేతి పక్కన పడేసి పోయాడు.

"పంచనామాలో రాసుకో," అన్నాడు మధుసూదనరావు. "పేలినది ఒకటి. పేలనివి ఐదు."

అంతకు మించి ఒక్క మాట కూడా అనలేదు.

* * *

ఆ రివాల్వర్ పేలదు. ఆ సంగతి ఆయనకు అమ్మేటప్పుడే తెలుసు.

దాని సుత్తి మొన అరిగిపోయింది. బళ్లారిలో చివరిసారి ప్రాక్టీసులో ఆరు తూటాలకు ఆరూ పేలలేదు. ఆ భాగం ఇంగ్లండు నుంచి రావాలి సార్, అన్నాడు మరమ్మతు చేసే ఆయన. ఆ ఏడే ఆదోని తాలూకా బళ్లారి జిల్లా నుంచి కర్నూలు జిల్లాకు మారింది. లైసెన్సు కర్నూలులో మళ్లీ రాయించుకోవాలి. పనికిరాని దానికి ఈ తిప్పలెందుకు అనుకుంటుండగా లక్ష్మప్పే వెతుక్కుంటూ వచ్చాడు.

"ఆదోనికీ ఎమ్మిగనూరుకీ ఒక్కన్నే తిరుగుతాంటాను సార్. ధైర్యానికి ఒకటి కావల్ల. బాగా పేలుతాది కదా?"

"పేలుతుంది."

ఒక్క మాట. ఇతనేం కాలుస్తాడు, చూపించి బెదిరించడానికేగా అని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. వారం తిరక్కముందే ఆ మాట గొంతులో ముల్లులా గుచ్చుకోవడం మొదలుపెట్టింది. నిజం చెప్పి వెనక్కి తీసుకుందామని రెండుసార్లు ఎమ్మిగనూరు వచ్చాడు. ఒకసారి ఊరి మొదట్లోనే జీపు తిప్పేశాడు. రెండోసారి లక్ష్మప్ప ఇంట్లో కాఫీ తాగాడు. లక్ష్మప్ప భార్య పార్వతమ్మ ఆ రివాల్వర్ను పట్టుగుడ్డ విప్పి చూపించింది. నూనె పెట్టి తళతళలాడేలా తుడిచి ఉంది. ఆయన కాఫీ తాగి, బాగుందమ్మా అని చెప్పి, వచ్చేశాడు.

ఇప్పుడు నిజం చెబితే గిడ్డయ్య బయటపడతాడు. పరీక్షిస్తే ఇప్పుడే తెలిసింది అని అబద్ధమూ ఆడవచ్చు. కానీ లైసెన్సు కాగితం మీద అమ్మినవాడి పేరుంది. బళ్లారిలో మరమ్మతు చేసే మనిషి ఉన్నాడు. ఎవరైనా పోయి అడిగితే?

బుధవారమంతా ఆదోని ఆఫీసులో ఒకే ఫైలు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ఒక్క పేజీ తిప్పలేదు.

గురువారం ఉదయం తొమ్మిదింటికి మళ్లీ ఎమ్మిగనూరు స్టేషన్. మెట్ల మీద ఒకామె ముడుచుకుని కూర్చుని ఉంది. గిడ్డయ్య భార్య తిమ్మక్క. మంగళవారం సాయంత్రం కూడా ఆమె అక్కడే ఉంది. ఆరోజు ఆయన చూడనట్టు దాటి వెళ్లాడు.

"సామీ, మా ఆయప్ప తుపాకి యాడుంటాదో కూడా ఎరగడు సామీ!"

ఆయన ఆగలేదు. లోపలికి పోయాడు.

తిక్కయ్య ఒక కాగితం ముందు పెట్టాడు. "ఒప్పుకున్నాడు సార్. వేలిముద్ర వేసినాడు."

మధుసూదనరావు లాకప్ తలుపు తీయించాడు. గిడ్డయ్య గోడకు ఆనుకుని ఉన్నాడు. కుడిచేతి వేళ్లు వాచి, వంకాయల్లా నల్లగా ఉన్నాయి. ఆ ఒప్పుకోలు ఎలా వచ్చిందో అప్పుడర్థమైంది.

ఆయన తిక్కయ్యను బయటికి పంపి, గిడ్డయ్య ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"గోడౌన్‌లో లక్ష్మప్పతో ఎవరున్నారు?"

గిడ్డయ్య వాచిన చేతిని ఒళ్లోకి లాక్కున్నాడు.

"కొట్టను. చెప్పు."

"దేవేంద్రప్ప సామి గొంతు సామీ. ఇద్దరూ అరుసుకుంటాండ్రి."

దేవేంద్రప్ప లక్ష్మప్ప భాగస్థుడు. ఆదోనిలో ఇద్దరికీ కలిపి పత్తి జిన్నింగ్ మిల్లు ఉంది. ఏప్రిల్లో అది తగలబడి, షెడ్డులోని కూలీలు కొందరు బయటికి రాలేక చనిపోయారు.

"ఏమని?"

"గొళ్లెం సంగతి ఇన్‌స్పెక్టరుతో సెప్తా అని మా సావుకారు అనె. యాడ సెప్తావో సూస్తా అని ఆయప్ప అనె. ఆనెంక డాం అనె. నేను ఉరికితి."

"ఎస్సైకి చెప్పావా?"

"సెప్తి సామీ. అప్పుడే ఈ ఏళ్లు ఇరిగిపోయె."

మధుసూదనరావు చాలాసేపు ఆ వేళ్లనే చూశాడు. తాను మంగళవారమే నోరు విప్పి ఉంటే అవి బాగానే ఉండేవి.

* * *

శుక్రవారం ఉదయం పదకొండు. అదే గోడౌన్.

పార్వతమ్మ గుమ్మం పక్కన కూర్చుంది. దేవేంద్రప్ప కండువా సర్దుకుంటూ నిలబడ్డాడు. తిక్కయ్య, సాక్షులుగా ఇద్దరు పంచాయతీదార్లు, బేడీలతో గిడ్డయ్య.

మధుసూదనరావు రివాల్వర్ తీసి ఆరు కొత్త తూటాలు పెట్టాడు. నూలు మూటకు గురిపెట్టి నొక్కాడు.

టిక్.

మళ్లీ నొక్కాడు. టిక్. ఆరుసార్లూ అంతే.

"ఈ రివాల్వర్ పేలదు," అన్నాడు. "లక్ష్మప్పను చంపింది ఇది కాదు. తుపాకి పక్కనే పడి ఉందని మనమెవ్వరం వేరే తుపాకి కోసం వెతకలేదు. దేవేంద్రప్పా, మీ లైసెన్సు రివాల్వర్ కూడా పాయింట్ త్రీ ఎయిటే. మీ ఇంట్లో పొద్దున్నే సోదా చేసి తెప్పించాను."

దేవేంద్రప్ప కండువా వదిలేసి గుమ్మం వైపు చూశాడు.

మధుసూదనరావు రెండో రివాల్వర్ అందుకుని మూటలోకి కాల్చాడు. గోడౌన్ దద్దరిల్లింది. ఖాళీ తూటా తీసి, శవం దగ్గర దొరికిన ఖాళీ తూటా పక్కన పెట్టి భూతద్దం తిక్కయ్యకు ఇచ్చాడు.

"గుంట ఎక్కడుంది?"

"రెండింట్లోనూ నడిమికి లేదు సార్. ఒక పక్కకు జరిగింది. ఒకే మాదిరి."

"లక్ష్మప్ప రివాల్వర్లో పేలని తూటాలు చూడు."

తిక్కయ్య చూశాడు. "మూడింటికి సన్న చుక్కలు ఉండాయి."

"నీ నుంచి ప్రాణం కాపాడుకోవాలని ఆయన మూడుసార్లు నొక్కాడు, దేవేంద్రప్పా. ఏప్రిల్లో మిల్లు కాలినప్పుడు ముగ్గురు ఆడకూలీలు లోపలే చనిపోయారు. పని మధ్యలో బయటికి రాకుండా షెడ్డుకు బయట గొళ్లెం పెట్టించింది నువ్వు. లక్ష్మప్ప మూడు నెలలు నోరు మూసుకున్నాడు. ఇక మూసుకోలేకపోయాడు."

దేవేంద్రప్ప ఒక్కసారిగా అరిచాడు. "అది పేలదని నీకెట్ల తెలుసు? నువ్వే అమ్మినావు గదా!"



"నేనే అమ్మాను," అన్నాడు మధుసూదనరావు. "పేలదని తెలిసే అమ్మాను. మంగళవారం ఇక్కడ తూటాలు చూసినప్పుడే జరిగింది అర్థమైంది. ఈ గిడ్డయ్య దెబ్బలు తింటుంటే నా పరువు కోసం రెండు రోజులు ఊరుకున్నాను. తిక్కయ్యా, నా మాటలు కూడా రాసుకో."

తిక్కయ్య కలం కదల్లేదు.

"రాయి," అన్నాడు ఆయన. "ఆ వేళ్ల గురించి కూడా రాయి. అది నీ తప్పూ, నా తప్పూ."

గిడ్డయ్య బేడీలు ఆయనే విప్పాడు. గిడ్డయ్య అలవాటుగా చేతులు జోడించబోయాడు. గుమ్మంలోకి వచ్చిన తిమ్మక్క ఆ చేతులు పట్టుకుని కిందికి దించింది. ఆయన వైపు చూడకుండానే మొగుణ్ని తీసుకుని వెళ్లిపోయింది.

* * *

కర్నూలు సెషన్స్ కోర్టులో దేవేంద్రప్పకు యావజ్జీవ శిక్ష పడింది. మధుసూదనరావు తన రిపోర్టు తానే పైకి పంపాడు. ఒక మెట్టు దించి వేరే జిల్లాకు వేశారు. తిక్కయ్య మీద విచారణ జరిగింది.

ఊరు వదిలే ముందు ఒక మధ్యాహ్నం ఆయన పార్వతమ్మ ఇంటికి పోయాడు. ఆమె తిడుతుందనుకున్నాడు. తిట్టాలనే కోరుకున్నాడు.

ఆమె చాప వేసింది. ఆయన కూర్చోలేదు.

"నన్ను క్షమించమని అడిగే ముఖం లేదమ్మా," అన్నాడు.

పార్వతమ్మ చాప మడిచి పక్కన పెట్టింది. తర్వాత మెల్లగా అంది.

"ఆ పొద్దు ఒక్కడే పోవద్దంటినప్పా. దేవేంద్రప్ప మంచోడు కాదు, మా తమ్ముడు నాగన్ననన్నా తోడు పిలుసుకోని పో అంటి. మా ఆయప్ప నగె. 'ఇన్‌స్పెక్టరు ఇచ్చిన తుపాకి ఉండాది కదే, నాకు తోడెందుకు' అని పాయె."