తనది కాని పిల్ల

పొద్దున్నే బడిపిల్లలు బిలబిలమంటూ దొడ్లోకి వచ్చేశారు. కోళ్ల గురించీ పొలం గురించీ చిన్నపిల్లలకి చెప్పడమే ఆమె పని. గుడ్డుని పగలకుండా ఎలా పట్టుకోవాలో, దాణా ఎలా చల్లాలో నవ్విస్తూ నేర్పుతుంది.

ఆ గుంపు వెనక, తలుపు పట్టుకుని ఆరేళ్ల బుడ్డి వింటోంది. బుడ్డి ఆమె ఆడపడుచు కూతురు. తల్లి పోయాక మేనమామ, అంటే ఆమె భర్త, తీసుకొచ్చి తన దగ్గరే ఉంచుకున్నాడు. అది వచ్చిన నెలలోనే ఆమెకి పుట్టిన పాప పురిట్లోనే పోయింది.

"టీచర్, ఆ కోడి ఆ కోడిపిల్లనెందుకు పొడుస్తోంది?" ఓ పిల్లాడు అడిగాడు.

"దీని తల్లి చచ్చిపోయింది నాన్నా. అందుకే వేరే కోడి దగ్గర వదిలాను. తన పిల్ల కాదని తెలిసిపోతుంది దానికి, దగ్గరికి రానివ్వదు." మామూలుగా చెప్పేసి పక్క గంప దగ్గరికి నడిచింది.

మధ్యాహ్నం బుడ్డి అన్నానికి రాలేదు.

"అదేమడిగిందో తెలుసా నన్ను?" కంచం ముందు కూర్చోకుండానే అన్నాడు భర్త. "'అత్త నన్ను పొడవదు కదా మామయ్యా' అంది."

ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. "నేను దాన్ని ఒక్క మాటన్నానా?"

"అసలు మాట్లాడితే కదా అనడానికి! గంటసేపుండి పోయే పిల్లల ముక్కులు తుడుస్తావు. దీనికి ఒక్కరోజు జడ వేశావా?"

"ఎలా వెయ్యమంటారు? దాన్ని దగ్గరికి తీసుకుంటే నా పాప చోటు ఇచ్చేసినట్టుంటుంది. మీకేం, మేనకోడలుంది!"

"చెల్లి పోయింది. కూతురూ పోయింది. నీ ముందు ఏడిస్తే నువ్వేమైపోతావోనని..." కంచం ముట్టకుండానే బయటికి వెళ్లిపోయాడు.

ఆమె గరిటె అక్కడే వదిలేసి బుడ్డిని వెతుక్కుంటూ కోళ్ల పాక వైపు నడిచింది. అది గడ్డి మీద కూర్చుని ఉంది. గౌను మడతలో ఆ కోడిపిల్ల, అప్పటికే బిగుసుకుపోయింది.

"నేనేం చెయ్యలేదత్తా. చలేస్తుందని పట్టుకున్నా. లేవట్లేదు."

ఆమె పక్కన చతికిలబడింది.

"కోడికి తన పిల్లలు తెలుస్తాయన్నావు కదా. నాకు ముందు పళ్లూడిపోయాయి. అమ్మ వస్తే నన్ను గుర్తుపడుతుందా?"

'వస్తుందిలే' అని ఇన్నాళ్లూ అందరూ దాటేసిన ప్రశ్న అది. ఆమెకీ అలాగే దాటెయ్యాలనిపించింది. కోడిపిల్లని తీసి పక్కన పెట్టింది.

"రాదు తల్లీ. మీ అమ్మ రాదు. నా పాప కూడా రాదు."

"మరి నేనెవరి పిల్లని?"

"మీ అమ్మ పిల్లవే. ఎప్పటికీ." దాన్ని ఒళ్లోకి లాక్కుంది. "నా దగ్గరుంటావు. నేనే పెంచుకుంటాను."

కాసేపు ఆ చిన్న ఒళ్లు కర్రలా బిగుసుకుని ఉంది. తర్వాత ఒక్కసారిగా, ఈ ఇంటికి వచ్చాక మొదటిసారి, బుడ్డి గొంతెత్తి ఏడ్చింది.

ఆమె ఊరుకోమనలేదు.